పదిహేడో చుక్క

బాలానగర్‌లో మా షెడ్డు రేకుల కింద
యంత్రాలు పదకొండు.
నా కంప్యూటర్‌లోనూ పదకొండే,
కాకపోతే ఇవి నూనె కారవు.

మనుషులు నీలం చుక్కలు.
పని లేక నిలబడితే బూడిదరంగుకు తిరుగుతారు.
ఇరవై ముగ్గురినీ అట్లాగే గీశాను.
పేర్లు పెట్టలేదు, అంకెలు వేశాను,
పేరు పెడితే రాత్రంతా వాళ్లతో మాట్లాడాల్సొస్తుందని.

మూడు వారాలు స్టాప్‌వాచ్ మెడలో వేసుకుని తిరిగాను.
"జాబ్ బిగించడానికి ఎంతసేపు, పెంటయ్యా?"
"పొద్దుగాల ఒక తీరు మేడమ్, అన్నం తిన్నంక ఒక తీరు."
"తక్కువలో తక్కువ?"
"నాలుగు నిమిషాలు."
"ఎక్కువలో ఎక్కువ?"
"టూల్ ఇరిగితే లెక్కే లేదు."
తొమ్మిదని రాసుకున్నాను.
తక్కువ, ఎక్కువ, మామూలు:
మూడు అంకెలు కలిపితే ఒక త్రిభుజం.
ఆ గుడారంలోనే అతని ఉద్యోగమంతా సర్దాను.

మీటింగుల్లో తీర్పు అప్పటికే అయిపోయింది.
గ్రైండింగ్ మీద మొయిజ్ భాయ్ నిదానం.
షాఫ్టుల లారీ ఆలస్యమైన ప్రతి శుక్రవారం
ఛాయ్ కన్నా ముందు అతని పేరు వచ్చేది.
"అదే సిమ్యులేషన్‌లో చూపించండి,
కాగితం మీద ఉంటే మనకు తేలిక,"
అన్నారు విద్యాసాగర్ గారు.

ఆ రాత్రి వెయ్యి రోజులు నడిపాను.
నేను జొన్నరొట్టె తిని, పెనం కడిగి వచ్చేసరికి
ఆ షెడ్డులో మూడేళ్లు గడిచిపోయాయి.
ఎవరికీ జ్వరం రాలేదు.
ఎవరి చెల్లెలి పెళ్లీ కాలేదు.
ఫతేనగర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలవలేదు.
పదిహేడో చుక్క ముందు మాత్రం
షాఫ్టులు కుప్పపడ్డాయి, వాళ్లు చెప్పినట్టే.

సరే, ఆ చుక్కకు పాతికేళ్ల చేతులిచ్చాను.
మళ్లీ వెయ్యి రోజులు.
తర్వాత అబద్ధమాడి నాలుగు చేతులిచ్చాను.
కుప్ప ఊడ్చేసినట్టు ఖాళీ అయింది,
చుక్క బూడిదై నిలబడింది,
లారీ మాత్రం అదే పదకొండున్నరకు గేటు దాటింది.

అప్పుడు వెనక్కి నడిచాను, ఫర్నేస్ దాకా.
నలభై నిండితే గాని దాని తలుపు మూయరు.
ముప్పైతొమ్మిది షాఫ్టులు
రాని ఒక్కదాని కోసం వరుసలో పడుంటాయి.
తర్వాత నలభై ఒక్కసారే వచ్చి
మొయిజ్ భాయ్ కాళ్ల దగ్గర పడతాయి.
అంత కుప్ప ముందు నిలబెడితే
ఎవడైనా నిదానంగానే కనిపిస్తాడు.

నలభైని ఇరవై చేశాను.
కరెంటు బిల్లు కొంచెం పెరిగింది.
లారీ తొమ్మిదింటికే కదిలింది.
గదిలో ఎవరూ లేరు, అయినా గట్టిగా నవ్వాను.

మర్నాడు అతను నా కుర్చీ వెనక నిలబడ్డాడు,
నూనె గుడ్డతో కళ్లజోడు తుడుచుకుంటూ.
కళ్లజోడుకు ఇంకాస్త నూనె అంటింది.
"ఇస్ మే మై కౌన్‌సా, మేడమ్?"
చూపించాను.
నాడి పట్టిన హకీంలాగా చాలాసేపు చూశాడు.
"ఈయన కూసుంటనే లేడు గద!"

నిజమే. కూర్చోవడం నేను రాయలేదు.
నాలుగుంబావుకు పది నిమిషాలు,
ఒక స్టూలు, ఒక ఛాయ్
అని ఒక వరుస చేర్చి నడిపాను.
వెయ్యి రోజులకు తొమ్మిది షాఫ్టులు తగ్గాయి.
తొమ్మిదే. రెండుసార్లు సరిచూశాను.

ఫర్నేస్ కాగితం మీద సంతకం పడింది.
ఛాయ్ వరుస దగ్గర విద్యాసాగర్ గారి పెన్ను ఆగింది.
కొట్టేయలేదు. టిక్కూ పెట్టలేదు.
మొయిజ్ భాయ్ నిదానమన్న మాట
వెనక్కి తీసుకున్నట్టు కూడా ఎక్కడా నమోదు కాలేదు.

సాయంత్రం రేకుల మీద టపటప మొదలైంది.
"ఇండ్ల వాన ఉన్నదా?" అడిగాడు మొయిజ్ భాయ్.
లేదన్నాను.
"అయితే రాయుండ్రి,"
అంటూ స్కూటర్ సీటు మీద కవర్ కప్పడానికి పరుగెత్తాడు.

కిటికీలోంచి కొలిచాను.
తక్కువలో తక్కువ మూడు నిమిషాలు.
ఎక్కువలో ఎక్కువ ఎంతో
బ్రిడ్జి కింద నీళ్లు చూశాక రాయాలి.